నాలుగు గుడిసెలు, రోజుకు 800 లీటర్లు: పళవేర్కాడులో రెండు రాత్రులు

మాది చెన్నైలో విల్లివాక్కం. ఇరవై రెండేళ్లుగా మోటార్లు బిగించడం, ప్లంబింగ్ కాంట్రాక్టు నా పని. ఎవరింటికి వెళ్లినా నా కన్ను ముందు మేడ మీది ట్యాంకు మీదికి, ఆ తర్వాత సెప్టిక్ ట్యాంకు మూత మీదికి పోతుంది. అందుకే పళవేర్కాడు (పులికాట్)లో మేం దిగిన ఈ లాడ్జి గురించి రాసేటప్పుడు పరుపుల సంగతి కంటే నీళ్ల సంగతే ఎక్కువ వస్తుంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పునీటి సరస్సు, మధ్యలో ఇసుక తిన్నె. అలాంటి చోట బస అంటే ముందు తెలుసుకోవాల్సింది తాగే నీళ్లు ఎక్కడివి, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయి అనే.

లాడ్జి పేరు ఇక్కడ రాయడం లేదు. నడిపే పెద్దాయన రాయొద్దన్నాడు. ఉన్నవి నాలుగే గుడిసెలు, పేరు పాకితే శనాదివారాలు కార్లు వచ్చి ఇసుకలో కూరుకుపోతాయని ఆయన భయం. నిజంగా వెళ్లాలనుకునేవాళ్లు నన్ను అడిగితే చెప్తాను.

జనవరి చివర్లో శుక్రవారం సాయంత్రం వెళ్లి ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, డెబ్భై ఒక్కేళ్ల మా అమ్మ. రెండు గుడిసెలు తీసుకున్నాం. ఒక్కోదానికి రాత్రికి 3,500 రూపాయలు, మూడు పూటల తిండి అందులోనే. రెడ్‌హిల్స్, పొన్నేరి మీదుగా కారులో పళవేర్కాడు దాకా వెళ్లొచ్చు. సెంట్రల్ నుంచి గుమ్మిడిపూండి వెళ్లే లోకల్ రైలెక్కి పొన్నేరిలో దిగితే అక్కణ్ణుంచి బస్సులున్నాయి. కారు ఊళ్లోనే వదిలేయాలి. వంతెన దాటాక ఇసుక దారిలో వాళ్ల పాత జీపే తీసుకెళ్తుంది.

ఇంగ్లీషు వాళ్లు పులికాట్ అన్న ఈ సరస్సును మా అమ్మ ఎప్పుడూ ప్రళయకావేరి అనే అంటుంది. ఆమె పుట్టింది తడ దగ్గర, సరస్సుకు పడమటి గట్టున. దేశంలో చిలికా తర్వాత ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణం కొస తమిళనాడులో ఉంది. శ్రీహరికోట దీవి సముద్రానికి అడ్డంగా పడుకుని దీన్ని కాపాడుతోంది. అవతలి గట్టున పుట్టిన మా అమ్మ ఇవతలి గట్టు మీద కాలు పెట్టడం ఇదే మొదటిసారి. జీపు దిగగానే వంగి ఇసుక తీసుకుని వేళ్ల మధ్య రాలుస్తూ చూసింది. "ఇక్కడ చెలమ తవ్వితే నీళ్లు పడతాయిరా" అంది.

పడతాయి. లాడ్జికి ఆధారం ఆ నీళ్లే.

సిమెంటు వరలు దించిన బావి ఒకటుంది. లోతు పదకొండు అడుగులు. బోరు లేదు. అర హెచ్‌పీ మోటారు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు నడుస్తుంది. ఆ నీళ్లు ఒక్కో గుడిసె వెనక దిమ్మె మీద పెట్టిన 200 లీటర్ల డ్రమ్ములోకి పోతాయి. నాలుగు డ్రమ్ములు, 800 లీటర్లు, ఎనిమిది మంది. డ్రమ్ము అయిపోతే మర్నాటి దాకా మళ్లీ నింపరు. ఈ మాట ముందే చెప్తారు, గుడిసె తలుపు వెనక తమిళంలోనూ తెలుగులోనూ రాసి కూడా పెట్టారు. షవరు లేదు. బకెట్టు, చెంబు.

నేను బయటికి వెళ్తే టీడీఎస్ మీటరు జేబులో ఉంటుంది, లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపిస్తుంది. బావి నీళ్లు 410 చూపించాయి. మా ఇంటి బోరు 1,680. తాగే నీళ్లకు ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం 500 దాకా మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 2,000 దాకా సరే అంటుంది. అంటే అలలు వినిపించేంత దూరంలో ఉన్న ఈ బావి నీళ్లలో లవణాలు మా విల్లివాక్కం నీళ్లలో ఉన్నవాటిలో నాలుగో వంతే. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి సరస్సులో ముంచితే మీటరు తను చూపించగలిగిన 9,990 దాటిపోయి మెరుస్తూ నిలిచిపోయింది.

ఇది ఎలా సాధ్యమో తెలియనివాళ్లు బీచి పక్క భూముల్లో బోర్లు వేసి నాశనం చేసుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇసుకలో ఇంకిన వాననీళ్లు కింద ఉన్న ఉప్పునీళ్ల కంటే తేలిక. అందుకని వాటితో కలవకుండా పైన తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి ఒక అడుగు పైన మంచినీళ్లు నిలబడితే, వాటి బరువుకు కింద దాదాపు నలభై అడుగుల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి. వినడానికి బాగుంటుంది. కానీ అదే లెక్క తిరగబడుతుంది కూడా. పెద్ద మోటారు పెట్టి పైమట్టాన్ని ఒక అడుగు దించితే, కాలం గడిచేకొద్దీ అడుగున ఉప్పునీళ్లు నలభై అడుగులు పైకొస్తాయి. ఒకసారి ఉప్పు పట్టిన ఇసుక మళ్లీ కడుక్కోవాలంటే ఎన్నో వానాకాలాలు కావాలి. ఇదంతా నేను మా అమ్మాయికి చెప్తుంటే మా అమ్మ మధ్యలో అందుకుని, "మజ్జిగ మీద తేట లాగా. మెల్లగా వంచుకుంటే తేటే వస్తుంది, గరిటె పెట్టి ముంచితే అంతా కలిసిపోతుంది" అంది. ఇన్నేళ్లలో నేను ఏ కస్టమరుకూ ఇంత బాగా చెప్పలేకపోయాను.

ఈ విషయం నాకు ఎందుకింత పట్టిందో కూడా చెప్పాలి. పదేళ్ల కిందట ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం పక్కనే పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక ఇంటికి నేనే మోటారు బిగించాను. రెండు హెచ్‌పీ చాలని చెప్పాను. తోటకూ కార్లకూ కావాలని వాళ్లు ఐదు హెచ్‌పీ అడిగారు. డబ్బులొస్తాయి కదా అని బిగించేశాను. ఆ రోజు నీళ్లు 600 ఉన్నాయి. మూడేళ్లకు సర్వీసుకు వెళ్తే 3,900. కొబ్బరి చెట్ల ఆకులు కొసల్లో కాలినట్టు అయిపోయాయి. పక్కింట్లో ఒక ముసలావిడ చేదబావి ఉండేది. ఆమె ఏమీ అనలేదు, చేద పైకి లాగి నా చేతికి నీళ్లిచ్చి రుచి చూడమంది. ఆ ఉప్పు నా నోటికి ఇప్పటికీ తగులుతుంది. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు ఊళ్లలో సముద్రపు నీళ్లు భూమిలోకి చొచ్చుకొచ్చిన సంగతి చెన్నైలో మా పని చేసేవాళ్లందరికీ తెలుసు. 2019 నీటి ఎద్దడిలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెప్పించుకున్న ఊరు మాది. ఆ ఏడు నేను ఎన్ని ఇళ్లలో మోటార్లను ఇంకా లోతుకు దించానో లెక్క లేదు.

అందుకే అర హెచ్‌పీ మోటారు, ఇరవై నిమిషాల గడియారం, 200 లీటర్ల డ్రమ్ము చూడగానే ఈ పెద్దాయన మీద గౌరవం కలిగింది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్కగట్టి పైపులు వేస్తాం. ఇక్కడ 100. మా నలుగురికీ రెండు డ్రమ్ములు సరిపోయాయి, రెండో రోజు రాత్రి ఇంకా జానెడు ఎత్తు మిగిలింది.

తాగడానికీ వంటకూ బావి నీళ్లు వాడరు. భోజనాల పాకకు పెంకుల కప్పు వేసి, చుట్టూ తూము కట్టి, ఆ వాననీళ్లను 30,000 లీటర్ల తొట్టిలో పట్టుకుంటారు. కప్పు వైశాల్యం అడిగితే సుమారు 120 చదరపు మీటర్లన్నారు. అంటే 250 మి.మీ. వాన పడితే తొట్టి నిండుతుంది, కార్తీకంలో వాయుగుండం ఒక్కటి గట్టిగా పడితే వచ్చే వాన అది. మొదటి వాన నీళ్లు దుమ్ము కొట్టుకొస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలేసే పైపు కూడా సరిగ్గా పెట్టారు. మీటరు పెడితే 38. రుచికి చప్పగా ఉంటాయి, రెండో గ్లాసుకి అలవాటైపోతాయి.

ఇంత చేసి, మేం దిగగానే పెద్దాయన కొడుకు మా చేతికి నాలుగు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఇచ్చాడు. నాకు బాధేసింది. తొట్టి నిండా అంత మంచి నీళ్లు పెట్టుకుని, ఊళ్లో కొన్న సీసాలు ఇసుక తిన్నె మీదికి మోసుకురావడం ఎందుకు? మట్టి కూజాలో పోసి ఇస్తే సరిపోతుంది. అడిగితే, "గెస్టులు సీల్ ఉన్న నీళ్లే నమ్ముతారన్నా" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు, అయినా అది మారాలి.

మరుగుదొడ్డి సంగతి. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు, అందుకని దాచకుండా రాస్తున్నాను. ఫ్లష్ లేదు. నీళ్లతో పనిలేని పొడి దొడ్డి. మలం ఒక కన్నంలోకి, మూత్రం ఇంకో కన్నంలోకి, కడుక్కునే నీళ్లు పక్కన మూడో చోటికి. పని అయ్యాక డబ్బాలోంచి రెండు గరిటెల బూడిద చల్లాలి. కింద రెండు గదులు. ఒకటి నిండాక మూసేసి ఏడాది పాటు వదిలేస్తారు, అప్పుడు రెండోది వాడతారు. ఏడాది తర్వాత తవ్వితే ఎండిన ఎరువు. పాత గది తెరిచి చూపించమన్నాను, చూపించారు. చేత్తో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సవక (సరుగుడు) తోపులో నేల వాసన తప్ప ఏమీ లేదు. మూత్రానికి నీళ్లు కలిపి అరటి చెట్లకు పోస్తారు, ఆ చెట్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

ఈ ఏర్పాటు ఎందుకంటే, ఇక్కడ ఐదడుగులు తవ్వితే నీళ్లు. వానాకాలంలో రెండడుగులకే వస్తాయి. ఇలాంటి ఇసుకలో సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంట పెడితే దానిలోని మురుగు నేరుగా బావిలోకే నడిచి వెళ్తుంది. ఫ్లష్‌కు ఒక్కసారికి 6 నుంచి 10 లీటర్లు పోతాయి, అది వేరే లెక్క. కొబ్బరాకులు కప్పి, వెదురు కుర్చీలు వేసి, వెనక మామూలు ఫ్లష్ దొడ్డి కట్టి ఎకో అని బోర్డు పెట్టిన చోట్లు రెండు మూడు చూశాను. ఇక్కడ బోర్డు లేదు, దొడ్డి ఉంది. మా ఆవిడ మొదటి పూట ముఖం చిట్లించింది. శనివారం సాయంత్రానికి, వాసనే లేదు కదా అని తనే మా అమ్మాయికి నచ్చజెప్పింది.

తప్పు ఒకటి జరిగింది. మా గుడిసెల్లో రెండూ గొంతుక్కూర్చునే రకం దొడ్లు, మా అమ్మ మోకాళ్లు వంగవు. ఒక గుడిసెలో మాత్రం కుర్చీ లాంటి ఎత్తు దిమ్మెతో పొడి దొడ్డి ఉంది. ఆ సంగతి బుకింగ్ అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మధ్యలో బుక్ చేసి పెట్టిన ఏజెంటయితే ఏసీ కూడా ఉంటుందని చెప్పాడు, ఇక్కడ ఏసీ అన్న మాటే లేదు. అదృష్టం కొద్దీ ఆ గుడిసెలో దిగిన దంపతులు మంచివాళ్లు, మారారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ దిమ్మె ఉన్న గుడిసే కావాలని ముందే అడగండి. ఏజెంట్ల ద్వారా కాకుండా నేరుగా వాళ్లతోనే మాట్లాడండి.

వంటగది నీళ్లు గులకరాళ్ల మడిలోంచి మెట్టతామర మొక్కల వేళ్ల మధ్యగా పోయేలా చేశారు. ఆలోచన మంచిదే, కానీ చేపల నూనె, సంగటి జిగురు అన్నీ నేరుగా దానిలోకే పోతున్నాయి. రాళ్లు జిడ్డు పట్టి, ఒక మూల నీళ్లు నిలిచి, దోమలు అక్కడే పుడుతున్నాయి. రెండు అరల జిడ్డు తొట్టి ఒకటి ముందు కట్టి, వారానికోసారి తెడ్డుతో పైన తీసేస్తే చాలు. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. అది కట్టేదాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా దోమలు తినేస్తాయి. దోమతెరలు మాత్రం చిరుగుల్లేకుండా ఉన్నాయి.

శుక్రవారం రాత్రి రెండు గంటలకు ఫ్యాన్లు ఆగిపోయాయి. సోలారు బ్యాటరీలు. తెల్లారాక చూస్తే టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుపోయి ఉంది, రెండు బ్యాటరీల్లో నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయాయి. ఉప్పుగాలిలో ఇనుము బతకదు, పక్షం రోజులకోసారి తుడిచి వాసెలిన్ రాయాలి. వాళ్లబ్బాయి, నేను కూర్చుని శుభ్రం చేసి డిస్టిల్డ్ వాటర్ పోశాం. రెండో రాత్రి తెల్లార్లూ తిరిగాయి. తలుపు గొళ్లేలు కూడా ఇనుపవి తీసేసి ఇత్తడివి వేసుకోవాలి.

సముద్రం వైపు దీపాలు ఏడింటి తర్వాత వెలగవు. ఉన్న ఒకటి రెండు కూడా నేలకు దగ్గరగా, పసుపుగా, పైన మూత పెట్టి ఉన్నాయి. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగు ఎటుంటే అటు నడుస్తుంది. చీకట్లో సముద్రం మీది ఆకాశమే దానికి వెలుగు. లాడ్జి దీపం దానికంటే వెలిగితే పిల్ల సముద్రానికి వీపు పెట్టి మన వైపు వచ్చి చస్తుంది. ఈ ఒక్క కారణానికే మా అమ్మాయి రెండు రాత్రులు సెల్‌ఫోను టార్చి వెయ్యలేదు. ఆదివారం తెల్లవారుజామున తల్లి తాబేలు పాకిన జాడ చూశాం, ఇసుక మీద ట్రాక్టరు చక్రం గుర్తులాగా.

తిండికి నూటికి నూరు. వండే ఆవిడ సరస్సు దీవుల్లో ఒక ఊరి మనిషి, తెలుగే మాట్లాడుతుంది. మా అమ్మను పెద్దమ్మా అని పిలిచి, పక్కన పీట వేసి కూర్చోబెట్టుకుంది. శనివారం మధ్యాహ్నం ఎండ్రకాయల పులుసు, రాగిసంగటి. చింతపండు తక్కువ, మిరియం ఎక్కువ. మా అమ్మ సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోయించుకుని, చిన్నప్పుడు వాళ్ల నాయన పట్టుకొచ్చిన ఎండ్రకాయల గురించి చెప్తూ తిన్నది. శనివారం నీచు తినని మా ఆవిడకు మునగాకు వేపుడు, పప్పుచారు విడిగా చేశారు.

పడవ షికారు లేదు. లేకపోవడమే సరైనది. 2011 డిసెంబరు 25న ఇక్కడ పడవ మునిగి 22 మంది చనిపోయారు, ఆ తర్వాత పడవ షికార్లను నిషేధించారు. పళవేర్కాడులో డబ్బులిస్తే తీసుకెళ్తామని ఎవరైనా పిలిచినా వెళ్లకండి. పక్షుల్ని గట్టు మీద నడిచే చూశాం. ఐదున్నరకు బయల్దేరాం. దారి చూపిన కుర్రాడు మత్స్యకారుల ఇంటివాడు. ఫ్లెమింగోలు కనపడగానే చాలా దూరంలోనే ఆపేశాడు. "ఇక్కడే ఆగుదాం అన్నా. లేపితే తిన్నదంతా ఎగరడానికే ఖర్చు చేస్తాయి." వందల కొద్దీ నిలబడి ఉన్నాయి, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ ఊపుతూ. గూడబాతులు వరసకట్టి పోతుంటే మా అమ్మ ఆంధ్ర వైపు పక్షుల కేంద్రం ఉన్న నేలపట్టు దిక్కుకు చెయ్యి చూపించి, "అవి మా గట్టుకు పోతున్నాయి" అంది.

ఆ కుర్రాడు చెప్పిన ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. సరస్సులో రొయ్యల వలలు ఎవరు పడితే వారు ఎక్కడ పడితే అక్కడ వెయ్యరు. పాడు అని ఒక పద్ధతి ఉంది. ఫలానా చోట ఫలానా రోజు ఎవరి వంతో చీట్లు తీసి ఊళ్లోనే తేల్చుకుంటారు. అందరూ ఒకేసారి దిగితే రొయ్య మిగలదు కాబట్టి. పెద్దాయనకు డ్రమ్ముల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది.

అలాంటి చోట ఆదివారం పొద్దున బావికి తూర్పున నాలుగు మేకులు కొట్టి తాడు కట్టి ఉండటం చూశాను. ఏమిటని అడిగితే వాళ్లబ్బాయి స్విమ్మింగ్ పూల్ అన్నాడు. 8 మీటర్లు పొడవు, 4 వెడల్పు, 1.2 లోతు. మనసులోనే గుణించాను: 38,400 లీటర్లు. నాలుగు గుడిసెలూ నిండుగా ఉంటే 48 రోజులు వాడే నీళ్లు. అది ఒకసారి నింపడానికే. ఎండాకాలం రోజుకు 5 మి.మీ. ఆవిరైనా 160 లీటర్లు పోస్తూనే ఉండాలి, అంటే ఒక డ్రమ్ములో ముప్పాతిక పైనే. అర హెచ్‌పీ మోటారు దానికి చాలదు, పెద్దది వస్తుంది. ఫిల్టరు కడిగిన క్లోరిన్ నీళ్లు ఇసుకలోకే పోతాయి. బావి నుంచి పన్నెండు అడుగుల దూరం.

పెద్దాయన ఎదుటే ఈ లెక్కంతా ఇసుక మీద పుల్లతో రాసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ అంకెల వంక చూశాడు. "నాకు తెలుసు నాయనా. వీడికి చెప్పు" అన్నాడు. కొడుకు కోపగించుకోలేదు. ఫోన్ తీసి మెసేజీలు చూపించాడు. ఫోటో బాగుంది, పూల్ ఉందా? పూల్ లేదా, అయితే వద్దులెండి. పిల్లలకు పూల్ కావాలి. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, వాటిలో సగం తెలుగులోనే. "మీరొక్కరే వద్దంటున్నారన్నా, అడిగేవాళ్లు ఇంతమంది. గుడిసెలు ఖాళీగా ఉంటే నాన్న తోపు అమ్ముకోవాల్సిందే. కొనేవాడు ఇక్కడ ఏం కడతాడో మీరే చెప్పండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, అప్పు నెత్తిమీద ఉన్నవాడు.

అందుకని చదివేవాళ్లను నేను అడిగేది ఒకటే. ఇక్కడికే కాదు, సముద్రం పక్కన ఏ లాడ్జికి ఫోన్ చేసినా పూల్ ఉందా అని అడగకండి. బావి ఎంత లోతు, దొడ్డి నీళ్లు ఎటు పోతాయి అని అడగండి. వాళ్ల ఫోన్లలో పది మెసేజీలు అలాంటివి కూడా ఉండాలి. ఏసీ, వేడినీళ్ల షవరు, రాత్రి పాటలు కావాలనుకునేవాళ్లు దయచేసి వెళ్లకండి, మీకూ వాళ్లకూ ఇబ్బంది. పక్షులు, చీకటి, మంచి పులుసు కావాలనుకునేవాళ్లు నవంబరు నుంచి మార్చి మొదటి వారం లోపల వెళ్లండి. తిరుగు దారిలో పళవేర్కాడులో 17వ శతాబ్దపు డచ్చివాళ్ల శ్మశానం ఉంది, అరగంట చాలు.

మేం బయల్దేరేటప్పుడు మేకులు అలాగే ఉన్నాయి, తాడు మాత్రం విప్పేసి చుట్టి బావి గట్టు మీద పెట్టి ఉంది. విప్పింది తండ్రో కొడుకో నేను అడగలేదు. నీళ్లు బాగా కిందికి దిగే మే నెలలో మీటరు పట్టుకుని మళ్లీ వస్తానని, జిడ్డు తొట్టి కూలీ తీసుకోకుండా కట్టిస్తానని పెద్దాయనతో చెప్పాను. ఆ రోజు బావి ఎంత చూపిస్తే అంత ఇక్కడే దీని కిందే రాస్తాను. ఇప్పటికి 410.